కృష్ణకు ఆవలి ఒడ్డు: బలప్రయోగ బెదిరింపుపై అపోహలు – వాస్తవాలు

ఒక రాజ్యం మరొక రాజ్యాన్ని సైనికబలంతో బెదిరించడాన్ని అంతర్జాతీయ న్యాయం ఎలా పరిగణిస్తుందన్న ప్రశ్న పల్నాటి సీమకు కొత్తదీ కాదు, దూరపుదీ కాదు. గురజాల, మాచర్ల ప్రాంతాలకు ఉత్తరపు హద్దుగా పారే కృష్ణానదికి ఈవలి ఒడ్డు 1947 ఆగస్టు నాటికి స్వతంత్ర భారతంలోని మద్రాసు రాష్ట్రానికి చెందగా, ఆవలి ఒడ్డున ఉన్న నల్లగొండ జిల్లా తాను ఎవరి ఏలుబడిలోనూ లేనని చెప్పుకొంటున్న హైదరాబాదు సంస్థానంలో ఉండేది. ఆ రెండు ఒడ్లలో ఎవరు ఎవరిని బెదిరించారన్న వివాదం 1948లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాకా వెళ్లింది. ఆ ఉదంతం గురించీ, దానికి వర్తించే న్యాయసూత్రాల గురించీ తెలుగునాట వాడుకలో ఉన్న మాటల్లో సగానికి పైగా సవరించవలసినవే.

అపోహ: ముందుగా హెచ్చరించి, గడువు ఇచ్చి చేసే యుద్ధం ధర్మబద్ధమైనది.

ఈ భావనకు పల్నాడులో లోతైన వేళ్లున్నాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధగాథలో పోరుకు ముందు రాయబారం నడుస్తుంది. మాచర్ల పక్షాన గురజాలకు వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలికావడంతో సంధి ఆశ తెగిపోయిందని కథ చెబుతుంది. కారెంపూడిలో కార్తిక మాసంలో అయిదు రోజులపాటు జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజుకు రాయబారమనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. యూరప్ దేశాల పాత న్యాయమూ దాదాపు ఈ దారిలోనే ఆలోచించింది. 1907 నాటి మూడో హేగ్ ఒడంబడిక ప్రకారం కారణాలు తెలిపే యుద్ధప్రకటన గాని, షరతులతో కూడిన తుది హెచ్చరిక, అంటే అల్టిమేటం గాని లేకుండా శత్రుచర్యలకు దిగకూడదు. బెదిరింపు అప్పట్లో తప్పు కాకపోగా, యుద్ధానికి ముందు పాటించవలసిన మర్యాదగా ఉండేది.

1945 ఈ అమరికను తలకిందులు చేసింది. ఆ ఏడాది జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలు జరిగి, అక్టోబరు 24న అమలులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణంలోని నాలుగో ఖండిక, ఏ దేశపు ప్రాదేశిక సమగ్రతకు గాని రాజకీయ స్వాతంత్ర్యానికి గాని వ్యతిరేకంగా బలాన్ని ప్రయోగించడాన్నీ, ప్రయోగిస్తామని బెదిరించడాన్నీ ఒకే వాక్యంలో నిషేధించింది. అప్పటినుంచి తుది హెచ్చరిక జారీచేసిన దేశం మర్యాద పాటించినట్లు కాదు, నిషిద్ధమైన పని చేసినట్లవుతుంది. అయితే హెచ్చరిక వెనుక నిలిచిన బలప్రయోగం న్యాయసమ్మతమైనదైతే హెచ్చరికా న్యాయసమ్మతమే. కువైట్ నుంచి వైదొలగడానికి ఇరాక్‌కు 1991 జనవరి 15 దాకా గడువిచ్చిన తీర్మానాన్ని 1990 నవంబరులో భద్రతామండలే ఆమోదించింది కనుక, ఆ గడువు ఈ నిషేధం కిందికి రాలేదు.

అపోహ: తూటా పేలనంతవరకు ఉల్లంఘన జరిగినట్లు కాదు.

అణ్వాయుధాలపై 1996 జూలై 8న ఇచ్చిన సలహాభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ విషయంలో స్పష్టమైన కొలబద్దను నిర్దేశించింది: ఒక సందర్భంలో బలాన్ని ప్రయోగించడం అక్రమమైతే, ఆ ప్రయోగానికి సిద్ధమని బెదిరించడమూ అక్రమమే. కొలబద్ద ఉన్నా, దాని ఆధారంగా ఒక దేశాన్ని తప్పుపట్టిన తీర్పులు చాలా అరుదు కాబట్టి, దక్షిణ అమెరికాలోని గయానా, సూరినామ్ దేశాల మధ్య వచ్చిన వ్యాజ్యాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంటుంది. రెండు దేశాలూ తమదేనంటున్న సముద్రభాగంలో గయానా అనుమతితో చమురు అన్వేషణకు వచ్చిన ఒక రిగ్ వద్దకు 2000 జూన్ 3న సూరినామ్ నౌకాదళ గస్తీ పడవలు చేరుకుని, పన్నెండు గంటల్లో వెళ్లిపోకపోతే తరువాతి పరిణామాలకు బాధ్యత మీదేనని చెప్పాయి. రిగ్ వెళ్లిపోయింది, ఒక్క గుండు కూడా పేలలేదు. తాము చేసింది తమ జలాల్లో చట్టాన్ని అమలుచేయడమేనని సూరినామ్ వాదించినా, 2007 సెప్టెంబరు 17న మధ్యవర్తిత్వ ధర్మాసనం ఆ వాదనను అంగీకరించక, అది సైనికచర్యకు సంబంధించిన బెదిరింపేననీ, చార్టర్‌కూ సముద్ర న్యాయ ఒడంబడికకూ విరుద్ధమనీ తేల్చింది. నష్టపరిహారం మాత్రం ఇప్పించలేదు. ఉల్లంఘనను గుర్తించడం వేరు, దానికి మూల్యం కట్టించడం వేరు అన్న సంగతి ఈ తీర్పులో కనిపిస్తుంది.

దీనికి ఎదురుగా మరొక అపోహ ఉంది: సరిహద్దు వద్ద సైన్యం కదిలినా, విన్యాసాలు జరిగినా, కొత్త క్షిపణిని పరీక్షించినా అది బెదిరింపేనని పత్రికలు తరచు రాస్తుంటాయి. నికరాగ్వా వ్యాజ్యంలో 1986లో తీర్పు చెప్పిన అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ దేశపు సరిహద్దుల దగ్గర అమెరికా జరిపిన సైనిక విన్యాసాలను అక్కడి పరిస్థితుల్లో నిషిద్ధమైన బెదిరింపుగా పరిగణించలేదు. ఫలానా పని చేయకపోతే బలం ప్రయోగిస్తామన్న సందేశం మాటల్లోనైనా చేతల్లోనైనా ఎదుటి రాజ్యానికి నమ్మదగిన రీతిలో చేరాలి. ఇక బెదిరింపుకు గురైన దేశం తానే ముందుగా దాడి చేయవచ్చా అంటే, చార్టర్ 51వ అధికరణం ఆత్మరక్షణ హక్కును సాయుధ దాడి జరిగిన సందర్భానికి ముడిపెట్టింది. ఒట్టి బెదిరింపుకు మందు భద్రతామండలికి ఫిర్యాదు చేయడమే.

అపోహ: హైదరాబాదు ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి కొట్టివేసింది, లేదా, భారతదేశాన్ని తప్పుపట్టింది.

ఈ రెండు మాటలనూ వేర్వేరు రాజకీయ పక్షాలవారు సమానమైన నమ్మకంతో చెబుతారు. రెండూ నిజం కావు. బ్రిటిషు రాజరికానికి సంస్థానాలపై ఉన్న పరమాధికారం 1947 ఆగస్టు 15తో ముగిసిపోయింది కనుక తాను స్వతంత్రుడినయ్యానని నిజాం వాదన. అదే ఏడాది నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా వంటి ఉమ్మడి విషయాల్లో పాత ఏర్పాట్లే కొనసాగుతాయి కనుక హైదరాబాదు అంతర్జాతీయ న్యాయం దృష్టిలో రాజ్యమే కాదని భారత ప్రభుత్వ వాదన. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతామండలికి తంతి పంపి, తమపై దండయాత్ర చేస్తామని బెదిరిస్తున్నారనీ, ఆర్థిక దిగ్బంధంలో ఉంచారనీ ఫిర్యాదు చేసింది. సభ్యత్వం లేని రాజ్యానికి కూడా వివాదాన్ని మండలి ముందుకు తెచ్చే వీలు కల్పించిన 35వ అధికరణం ఆ ఫిర్యాదుకు ఆధారం. నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు సరిహద్దు దాటి గ్రామాలపై దాడులు చేస్తున్నారనీ, వారిని నిషేధించి, సికింద్రాబాదులో తమ సైన్యం మళ్లీ నిలవడానికి అంగీకరించాలనీ భారత ప్రభుత్వం సెప్టెంబరులో కోరింది. 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. పారిస్‌లో సమావేశమైన మండలి 16న ఆ ఫిర్యాదును ఎనిమిది ఓట్లతో, వ్యతిరేక ఓటు లేకుండా, మూడు దేశాలు తటస్థంగా ఉండగా చర్చనీయాంశాల్లో చేర్చింది. మరుసటి రోజే నిజాం కాల్పుల విరమణ ప్రకటించగా, 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి వెళ్లింది. చర్చకు స్వీకరించడమంటే ఫిర్యాదుదారు రాజ్యమేనని ఒప్పుకోవడం కాదని ఓటువేసిన సభ్యుల్లో కొందరు అప్పుడే స్పష్టం చేశారు. ఆ తరువాత మండలి హైదరాబాదు రాజ్యమా కాదా అన్నది తేల్చలేదు. బెదిరింపు జరిగిందా లేదా అన్నదీ తేల్చలేదు. ఏ తీర్మానమూ చేయలేదు.

ఆ సైనిక ప్రవేశానికి పోలీసు చర్య అని పేరుపెట్టినందువల్ల అంతర్జాతీయ న్యాయం వర్తించదన్న మాట కూడా నిలవదు. సూరినామ్ వ్యాజ్యం చూపినట్లు, పేరు నిర్ణాయకం కాదు. హైదరాబాదు విషయంలో నిర్ణాయకమైనది ఒక్కటే: చార్టర్ నిషేధం రాజ్యాల మధ్య అంతర్జాతీయ సంబంధాలకు వర్తించేది కనుక, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్నది రాజ్యమైతే ఒక సమాధానం, కాకపోతే మరొక సమాధానం వస్తుంది. చుట్టూ భారత భూభాగమే ఉండి, ఇతర రాజ్యాలతో సొంత దౌత్యసంబంధాలు నడపని సంస్థానాన్ని పూర్తిస్థాయి రాజ్యంగా గుర్తించడం కష్టమని ఈ వ్యాసం అభిప్రాయం. ఆ అభిప్రాయానికి మండలి తీర్పును సాక్ష్యంగా చూపడం మాత్రం చరిత్రను వక్రీకరించడమే.

అపోహ: బెదిరించి రాయించుకున్నా ఒప్పందం ఒప్పందమే.

ఒకప్పుడు ఇది అపోహ కాదు, అమలులో ఉన్న న్యాయమే. 1768 నాటి ఒడంబడిక ప్రకారం అప్పటి నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జీవితకాలం తరువాత గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీకి రావలసి ఉండగా, అతడు 1782లో మరణించాక కూడా నిజాం దానిని వదలలేదు. 1788లో కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ కెప్టెన్ కెన్నవేను హైదరాబాదుకు దూతగా పంపి, అదే సమయంలో సైన్యాన్ని సిద్ధంగా నిలిపి గుంటూరును స్వాధీనం చేసుకున్నాడు. ఒక పనికి సంబంధించిన మంచిచెడ్డలను అది జరిగిన కాలపు న్యాయంతోనే కొలవాలన్నది అంతర్జాతీయ న్యాయంలో స్థిరపడిన నియమం కాబట్టి, నేటి సూత్రాలతో ఆ అప్పగింతను రద్దుచేయడం కుదరదు. 1969 నాటి వియన్నా ఒడంబడిక 52వ అధికరణం మాత్రం, చార్టర్ సూత్రాలకు విరుద్ధంగా బలప్రయోగం వల్ల గాని బెదిరింపు వల్ల గాని కుదిరిన ఒప్పందం చెల్లనేరదని ప్రకటించింది. ఆర్థిక ఒత్తిడిని కూడా ఈ నిషేధంలో చేర్చాలని ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలు పట్టుపట్టినా అది సాధ్యం కాక, దానిని ఖండిస్తూ విడిగా ఒక ప్రకటన మాత్రమే వెలువడింది. 1948 సెప్టెంబరు 22 నాటి ఉపసంహరణ తంతి, ఒప్పందం కాకపోయినా, ఇదే ప్రశ్నను ముందుకు తెచ్చింది: రాజధాని చుట్టూ సైన్యం ఉండగా పంపిన మాట స్వేచ్ఛగా పంపినదేనా అన్న సందేహం మండలి చర్చల్లో వ్యక్తమైంది, దానికీ సమాధానం నమోదు కాలేదు.