ఒక్క మిథైల్ చేసిన పని

మదనపల్లె, పుంగనూరు వైపు మూత్రంలో మంట పుడితే మొదట అనేమాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు కాచుకుంటారు. తగ్గకపోతే మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. చలిజ్వరం, నడుంనొప్పి వచ్చాకే మూత్రం కల్చర్‌కు వెళ్తుంది. రెండుమూడు రోజులకు వచ్చే రిపోర్టులో చాలాసార్లు కనిపించే పేరు ఇ. కోలై. దాని కింద మందుల వరస. పక్కన ‘ఎస్’ ఉంటే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగుతుంది, ‘ఆర్’ ఉంటే లొంగదు. ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉందంటే ఆర్‌లు బారులు తీరతాయి.

ఈఎస్‌బీఎల్ ఒక ఎంజైము. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందుల బలమంతా నాలుగు పరమాణువుల చిన్న వలయంలో ఉంది. బాక్టీరియా గోడకట్టే ఎంజైముకు అది అతుక్కుంటే గోడపని ఆగి బాక్టీరియా పగిలిపోతుంది. ఈఎస్‌బీఎల్ ఆ వలయాన్నే తెంపేస్తుంది.

మందులు విరివిగా వాడాకే ఇలాంటి ఎంజైములు పుట్టాయనుకుంటే పొరపాటు. పెన్సిలిన్‌ను పాడుచేసే ఎంజైము గురించి ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ 1940 డిసెంబరులోనే ప్రకటించారు. అది దొరికిందీ ఇ. కోలైలోనే! పోలీసు కానిస్టేబుల్ ఆల్బర్ట్ అలెగ్జాండర్‌కు అక్కడ పెన్సిలిన్ ఎక్కించింది ఆ తర్వాత, 1941 ఫిబ్రవరిలో.

ఎంజైముకు ఎర వేయడం పాత ఉపాయం. టాజోబాక్టమ్ అలాంటి ఎరే. దాన్ని పట్టుకున్న ఎంజైము ఇరుక్కుపోతుంది, అసలు మందు బతికిపోతుంది. ల్యాబ్ పరీక్షలో బాగానే కనిపించింది. కానీ ఇ. కోలై, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలు రక్తంలోకి పాకిన రోగులపై 2018లో వెలువడిన మెరినో అధ్యయనంలో, 30 రోజుల్లో పిపరాసిలిన్‌-టాజోబాక్టమ్ తీసుకున్నవారిలో 12.3 శాతం, మరో మందు మెరోపెనెమ్ తీసుకున్నవారిలో 3.7 శాతం చనిపోయారు.

కుప్పంలో రైలెక్కితే పూటలో చేరే చెన్నైలో ఆర్కిడ్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ ఎరకే ఒక మిథైల్ తగిలించారు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే! దాంతో అణువులో రుణావేశానికి తోడు ధనావేశమూ చేరింది. ఇ. కోలై పైపొరలోని సన్నని ద్వారాలు అలాంటి అణువును సులువుగా లోపలికి వదులుతాయి. దీనితో జతకట్టిన అసలు మందు సెఫిపిమ్ కూడా రెండు ఆవేశాలున్నదే. మిథైల్ తగిలిన ఎర పేరు ఎన్‌మెటాజోబాక్టమ్. తీవ్రమైన మూత్ర ఇన్‌ఫెక్షన్లలో ఈ జంట 79.1 శాతం మందిలో గెలిచింది. పాత జంట పిపరాసిలిన్‌-టాజోబాక్టమ్ గెలుపు 58.9 శాతమే. అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ఆమోదించింది.

అయితే ఇది ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కించే మందు. ఎన్‌డీఎమ్ అనే మరో ఎంజైము ఈ ఎరకు చిక్కదు. మామూలు మంటకు నైట్రోఫ్యురాంటోయిన్, 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి లాంటి పాతమందులే ఇంకా ఆదుకుంటున్నాయి. బాధంతా ఎక్కడంటే, షాపు మాత్రలు మింగి వచ్చాక ఇచ్చే మూత్రంలో కల్చర్‌కు ఒక్కోసారి ఏమీ మొలవదు. అప్పుడు ఏ మందుకు ఎస్, ఏ మందుకు ఆర్ అని రాయడానికి ల్యాబ్‌కు ఆధారమే ఉండదు.