ఓడ దిగి కాలువ గట్టెక్కిన లస్కరు

కడప జిల్లాలో కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి పెట్టే రైతుకు లస్కరంటే తూములు తిప్పే మనిషి. “లస్కరు వచ్చి తూము కట్టేసినాడు” అంటే ఆ పూట వంతు అయిపోయినట్టే. పాత ఇంగ్లీషు నిఘంటువుల్లో మాత్రం లస్కరంటే ఓడ కళాసీ. సముద్రం చూడాలంటే నెల్లూరు దాటి పోవాల్సిన సీమకు ఈ మాట ఎలా వచ్చింది?

మూలం పారసీ ‘లష్కర్’. సైన్యం, దండు అని అర్థం. దండు దిగిన చోటు కాబట్టే సికింద్రాబాదు లష్కర్ అయింది, అక్కడివి లష్కర్ బోనాలయ్యాయి. ఈ మాట పోర్చుగీసుల నోట పడి, ఇంగ్లీషువాళ్ల దగ్గరికొచ్చేసరికి తెల్లవాళ్ల ఓడల్లో పనిచేసే మన దేశపు నావికుడికి పేరైంది. తెరచాపలెత్తడం, మోకులు లాగడం, ఆవిరి ఓడలొచ్చాక బొగ్గు వేయడం వాళ్ల పని. వాళ్ల మీద పెత్తనం సరంగుది. గోదావరి లాంచీలమీద ఆ సరంగు ఇంకా ఉన్నాడు. 1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో లస్కర్లు 50 వేలకు పైమాటే.

కేసీ కాలువను సాగునీటికే కాక పడవలు నడపడానికి కూడా తవ్వారు. 1863-70 మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్వి, పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టింది. కర్నూలులో హంద్రీ నది మీదుగా కాలువనే దాటించింది. లాభాలు రాక చివరికి 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. ఆ పడవలతోపాటే లస్కరూ వచ్చాడనుకుంటే కథ బాగుంటుంది. నాకైతే నమ్మకం లేదు. పడవ ముఖం చూడని నాగార్జునసాగర్ కాలువల మీదా లస్కర్లున్నారు మరి! ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఫిరంగులు లాగేవాళ్లనూ డేరాలు వేసేవాళ్లనూ లస్కర్లనే అనేవారు. సర్కారు కొలువుల్లోకి ఈ మాట ఆ దారినే వచ్చి ఉండాలి.

పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. 306 కిలోమీటర్ల కాలువ, 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు మిగిలాయి. లస్కరు పొద్దున్నే గేజీ చూసి నీటిమట్టం రాసుకోవాలి, షట్టరు మర తిప్పాలి, తూముకు అడ్డంపడ్డ తూటికాడ లాగేయాలి, గట్టుకు గండి పడకుండా రాత్రిళ్లు తిరగాలి. పైవాళ్లు దొంగచాటుగా తూమెత్తితే కింది రైతు మొదట తిట్టేది ఇతన్నే. ఖాళీ అయిన లస్కరు పోస్టులు భర్తీ చేయకుండా చివరి మడికి నీళ్లిస్తామంటే ఎవరూ నమ్మరు. ముందు ఆ పోస్టులు నింపండి.