బండిలో డీజిల్ డబ్బా: సరుకూ, మనిషీ క్షేమంగా చేరాలంటే...

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు తెల్లారేసరికి సరుకు చేరాలంటే రైతు అర్ధరాత్రికే బండి కట్టాలి. టమాట పెట్టెలు, వంకాయ బస్తాలు, ఆకుకూర కట్టలు ఎక్కించాక చివర్లో ఏదో ఒక మూలకు డీజిల్ డబ్బా కూడా తోస్తారు. మూత బిగిసిందా లేదా ఎవరూ చూడరు. దారిలో కుదుపులకు అది ఒరిగి, అర లీటరు కారినా చాలు. డీజిల్ వాసన పట్టిన కొత్తిమీరను, పాలకూరను ఎవరూ కొనరు. నీళ్లతో కడిగినా ఆ వాసన పోదు. ఈ మార్కెట్లో మిగిలిన కూరగాయల చెత్తతో గ్యాసు, కరెంటు తయారుచేసే ప్లాంటు 2021లో దేశమంతటా వార్తల్లోకి వచ్చింది. రోజుకు 10 టన్నుల చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని చెప్పారు. మంచిదే. కానీ మన సరుకు వేలానికి పోవాలి గాని చెత్తకుప్పకు కాదు కదా!

సరుకు పోతే ఒక పంట సొమ్ము పోతుంది. అదే డబ్బా అంటుకుంటే ప్రాణమే పోతుంది. అందుకని డీజిల్ వెంట తీసుకుపోవడమే తప్పని కాదు. ఎంత తీసుకుపోవాలి, దేంట్లో పోయాలి, బండిలో ఎక్కడ పెట్టాలి అన్నది తెలిసి ఉండాలి.

ట్యాంకు ఎండితే ఏమవుతుంది?

బంకు దగ్గర్లో లేని ఊళ్లలో అదనపు డీజిల్ అవసరమే. డీజిల్ బండి దారిలో ఎండిపోతే డబ్బాతో తెచ్చి పోయగానే కదలదు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఫీడ్ పంపు గాలి పీలుస్తుంది. ఆ గాలి ఫిల్టర్లలోకి, డీజిల్ పంపులోకి చేరుతుంది. దీన్నే మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అంటారు. అప్పుడు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ఆగి, మళ్లీ స్క్రూ బిగించాలి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కూడా ఫిల్టరులోకి లాగబడుతుంది. చీకట్లో, రోడ్డు పక్కన ఈ పని చేసేసరికి వేలం ముగిసిపోతుంది.

ఎంత కావాలో లెక్క కట్టండి

డబ్బా నింపే ముందు ఒక లెక్క వేసుకోవాలి. మీ బండి లీటరుకు ఎంత ఇస్తుందో పక్కవారిని అడిగితే తెలియదు. ట్యాంకు పూర్తిగా నింపి, మామూలుగా వేసే బరువుతో ఒకసారి పోయిరండి. తిరిగొచ్చాక మళ్లీ అంచుదాకా నింపండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ ఖర్చు. దుక్కికైతే గంటల లెక్కన ఇలాగే కొలవాలి.

ఉదాహరణకు మీ ఊరు బోయిన్‌పల్లికి 70 కిలోమీటర్లు, ట్రాలీతో ట్రాక్టరు లీటరుకు 5 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. రానూపోనూ 140 కిలోమీటర్లకు 28 లీటర్లు కావాలి. ట్రాఫిక్‌కు, దారి మళ్లింపులకు నాలుగో వంతు, అంటే 7 లీటర్లు కలపండి. మొత్తం 35 లీటర్లు. ట్యాంకు 45 లీటర్లదైతే డబ్బాతో పనే లేదు! బండికి బిగించిన ట్యాంకును మించిన భద్రమైన డబ్బా ఇంకొకటి లేదు. ముందు ట్యాంకు నింపండి. చాలకపోతేనే డబ్బా ఎత్తండి.

ఇంకో మాట. మేడ్చల్ రోడ్డో, సిద్దిపేట రోడ్డో ఎక్కాక బంకులకు కొదవ లేదు. కొదవల్లా ఊరి నుంచి పెద్దరోడ్డు చేరేదాకానే. ఆ ముక్కకు 5 లీటర్ల డబ్బా చాలేచోట 20 లీటర్ల డబ్బా మోయడం దండగ. 20 లీటర్ల డీజిల్ దాదాపు 17 కిలోలు తూగుతుంది. బోల్తా పడితే అంత బరువూ విసిరినట్టు వచ్చి పడుతుంది.

‘డీజిల్ అంటుకోదులే’ అనుకోవద్దు

పెట్రోలుతో జాగ్రత్తగా ఉండేవారు కూడా డీజిల్‌ను తేలిగ్గా తీసుకుంటారు. అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుందని చెబుతారు. ఇది సగమే నిజం. అంటుకునేది ద్రవం కాదు, దాని మీద లేచే ఆవిరి. ఎంత వేడికి అంటుకునేటంత ఆవిరి లేస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు ఇది సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంటుంది. అంటే వణికించే చలిలో కూడా అది ఆవిరి వదులుతూనే ఉంటుంది. డీజిల్‌కు ఇది 35 డిగ్రీలకు తగ్గరాదన్నది మన దేశంలో ప్రమాణం. మన ఎండాకాలంలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన ఇనుప ట్రాలీ ఇంకా కాలుతుంది. అలాంటప్పుడు డీజిల్ కూడా నమ్మదగింది కాదు. గడ్డిమీదో, గోనెసంచి మీదో ఒలికిన డీజిల్ దీపం వత్తిలా ఇట్టే అంటుకుంటుంది.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కళ్లకు కనబడకుండా నేలబారున పాకుతుంది. డబ్బా ఇక్కడుంటే, దూరంగా వెలిగించిన బీడీ దగ్గర అంటుకుని మంట వెనక్కి వస్తుంది. పవర్ స్ప్రేయర్ కోసం ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు తెచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎలాంటి డబ్బా మంచిది?

జెర్రీ క్యాన్ అనే మాట అందరూ విన్నదే. 1930లలో జర్మనీ సైన్యం 20 లీటర్ల ఇనుప డబ్బాను తయారు చేయించింది. రెండు రేకు చిప్పలను వత్తి, అతికి చేసిన గట్టి డబ్బా. పైన మూడు పిడులు. నిండు డబ్బాను ఇద్దరు చెరో పిడీ పట్టి మోయవచ్చు. ఖాళీ డబ్బాలైతే ఒక్క మనిషే ఒక్కో చేత రెండేసి పట్టుకోవచ్చు. మూతకు పానా అక్కర్లేదు, మీట నొక్కితే బిగుస్తుంది. నిండుగా పోసినా పైన కొంచెం గాలి ఉండేలా ఆకారం కుదిర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా ఎడారిలో ఇంగ్లీషు సైన్యం పల్చని రేకు డబ్బాలు వాడితే, దారిలోనే బోలెడంత పెట్రోలు కారిపోయేది. చివరకు వాళ్లు శత్రువు డబ్బానే చూసి అలాంటివి చేసుకున్నారు. జర్మన్లను వాళ్లు ‘జెర్రీ’ అని పిలిచేవారు. ఆ పేరే డబ్బాకు వచ్చింది. డబ్బా నాణ్యతలోనే ఇంధనం మిగలడమో, కారిపోవడమో ఉందని అప్పుడే తేలింది.

మనం గమనించాల్సినవి ఇవి:

* ఇంధనం కోసమే చేసిన, రబ్బరు వాషరున్న మూత గట్టిగా బిగిసే డబ్బా కొనండి. డీజిల్‌కు 5 లీటర్లు, పెట్రోలుకు 1 లీటరు దాటిన డబ్బా పేలుడు పదార్థాల శాఖ ఆమోదించిన రకమై ఉండాలని పెట్రోలియం నిబంధనలు చెబుతున్నాయి.

* పెట్రోలుకు ఇనుప డబ్బానే వాడాలి. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు, పాలిథిన్ కవర్లు పనికిరావు.

* పురుగుమందుల ఖాళీ డబ్బాలు వాడొద్దు. మందు అడుగంటి ఉంటుంది. ఏ డబ్బాలో ఏముందో ఇంట్లోవారికి తెలియక ప్రమాదాలు జరుగుతాయి.

* జింకు పూత వేసిన డబ్బాలో, బకెట్లో డీజిల్ నిల్వ ఉంచొద్దు. జింకుతో డీజిల్ కలిసి పుట్టే మడ్డి ఫిల్టర్లను పూడ్చేస్తుంది.

* డబ్బామీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చదవడం రానివారి కోసం డీజిల్‌కు ఒక రంగు, పెట్రోలుకు ఒక రంగు వేయండి.

నింపేటప్పుడు నేలమీద పెట్టండి

బంకు దగ్గర చాలామంది డబ్బాను ట్రాలీలోనే ఉంచి నింపిస్తారు. ఇది మంచిది కాదు. పైపులోంచి ఇంధనం వేగంగా పారుతున్నప్పుడు దాంట్లో కరెంటు పుడుతుంది. చలికాలంలో దుప్పటి దులిపినప్పుడు చిటపటలాడే లాంటిదే. డబ్బా నేలమీద ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. టార్పాలిన్ మీదో, ప్లాస్టిక్ పట్టామీదో ఉంటే పోయే దారి లేక చిన్న నిప్పురవ్వగా మారవచ్చు. అందుకని డబ్బాను కిందికి దించి, గన్ మూతి డబ్బా మూతికి ఆనించి, మెల్లగా పోయించండి. ఇంజన్ ఆపండి. బీడీ, సెల్‌ఫోన్ దూరంగా ఉంచండి.

పైదాకా నింపొద్దు. వేడికి ఇంధనం ఉబ్బుతుంది. తెల్లవారుజామున చల్లగా నింపిన 20 లీటర్లు, మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడో వంతు లీటరు పెరుగుతుంది. చోటు లేకపోతే మూత సందుల్లోంచి కారుతుంది. 20 లీటర్ల డబ్బాలో 19 లీటర్లే పోయించండి. కొలత మీద అనుమానం ఉంటే బంకులో ఉండే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది.

బండిలో ఎక్కడ కట్టాలి?

డ్రైవరు కాళ్ల దగ్గర, సైలెన్సరు పక్కన, బ్యాటరీ పక్కన పెట్టొద్దు. ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య కొక్కెం దగ్గర వేలాడదీయొద్దు. ట్రాలీ వెనక తలుపుకు బయట కట్టడం మరీ ముప్పు. చీకట్లో వెనకనుంచి లారీ తగిలితే మొదట నలిగేది అదే. ట్రాలీలో ముందు పలకకు ఆనించి, మూత పైకి ఉండేలా నిలబెట్టి, పిడిలోంచి తాడు దూర్చి రెండు వైపులా కట్టాలి. కింద గోనెసంచి మడిచి వేస్తే కుదుపులకు రాపిడి ఉండదు. కూరగాయలకు, డబ్బాకు మధ్య పలక అడ్డం పెట్టండి. ఆకుకూరలు ఆ దరిదాపుల్లో ఉండొద్దు.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు కుటుంబమంతా ట్రాక్టరు ట్రాలీలో బయల్దేరడం మనకు మామూలే. అడవి దారి, రద్దీ, గంటలకొద్దీ ఆగడం. డీజిల్ వెంట ఉండాలనుకోవడం సహజం. కానీ అదే ట్రాలీలో పిల్లలు పడుకుంటారు, బియ్యం, బెల్లం ఉంటాయి, ఆగినచోట బండి పక్కనే పొయ్యి పెడతారు. ఇద్దరు ముగ్గురు కలిసి పోతుంటే మనుషులు లేని బండి ఒకటి చూసి డబ్బాలన్నీ అందులో పెట్టండి. ఒకటే బండి అయితే ట్యాంకు నింపుకుని, చివరి బంకు దగ్గర మళ్లీ నింపండి. పొయ్యి మాత్రం బండికి బాగా దూరంగా, గాలి బండివైపు వీయని దిక్కున పెట్టండి.

ట్యాంకులో పోసేటప్పుడు...

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి పోయాలి. నడుస్తున్న ఆయిల్ ఇంజన్‌లో పోయడం, చీకటిగా ఉందని అగ్గిపుల్ల గీసి చూడడం అసలు చేయొద్దు. టార్చిలైటు వాడండి. సన్నని జల్లెడ ఉన్న గరాటు పెట్టండి. డబ్బా అడుగున మిగిలిన చివరి గుక్కెడు పోయొద్దు. నీరు, మడ్డి ఉండేది అక్కడే.

రబ్బరు పైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. పొరపాటున గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకమైన నిమోనియా వస్తుంది. చేత్తో నొక్కే చిన్న పంపు కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుంది.

చట్టం ఏమంటుంది?

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. ఇనుప డబ్బా ఒక్కొక్కటి 25 లీటర్లు దాటకూడదు. డీజిల్‌కు 2,500 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన ఇంటినిండా డ్రమ్ములు నింపమని కాదు. వంటింటికి, పశువుల కొట్టానికి, గడ్డివాముకు దూరంగా, తాళం వేసిన నీడచోట ఉంచాలి. రైలులో డబ్బా తీసుకుపోతే 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. బస్సులోనూ తీసుకుపోకూడదు.

ప్రమాదం జరిగితే...

* డీజిల్, పెట్రోలు మంటమీద నీళ్లు చల్లొద్దు. ఇంధనం నీటిపై తేలి మంట పాకుతుంది. ఇసుక, మట్టి పోయండి. ట్రాలీలో బకెట్ ఇసుక ఉంచుకోవడానికి పైసా ఖర్చు లేదు.

* బట్టలు అంటుకుంటే పరుగెత్తొద్దు. నేలమీద దొర్లాలి. దుప్పటి కప్పాలి. కాలినచోట 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయొద్దు.

* పిల్లలు పొరపాటున తాగితే కక్కించొద్దు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాగిన డబ్బా కూడా వెంట పట్టుకుపోండి.

* ఒంటిమీద ఒలికితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. ఆ బట్టలతో పొయ్యి దగ్గరకు పోవద్దు.

మంచి డబ్బాకు, మూతకు, మూరెడు తాడుకు అయ్యే ఖర్చు ఒక్క టమాట పెట్టె ధరతోనో, రెండింటి ధరతోనో తీరుతుంది. ఈసారి బండి కట్టే ముందు ట్యాంకు నిండిందా, డబ్బా నిజంగా అవసరమా, మూత బిగిసిందా, తాడు కట్టామా అన్నవి చూసుకోండి. రెండు నిమిషాల పని. సరుకు శుభ్రంగా వేలానికి చేరుతుంది, మనిషి క్షేమంగా ఇంటికి చేరతాడు.