తండ్రికి జామీను నిలిచిన న్యాయాధిపతి
శిస్తుబాకీకై చెఱసాల కేగుట యొకనాడు మన సీమలో వింత గాదు. 1819 ప్రాంతమున చిత్తూరు సమీపమున జన్మించిన కలమూరు వీరవల్లి రంగనాథశాస్త్రిగారి తండ్రియు నట్లే ఖైదుపాలయ్యెను. ఇంట పితృకార్యము సమీపించినది; కర్త కారాగృహమున నున్నాడు! బాలుడు జడ్జి కాసమేజరు దొరను దర్శించి, తండ్రిని విడువుడనియు, ఆయన మరలి వచ్చువఱకు తన్ను జామీనుగా నుంచుకొనుడనియు వేడెనట. దొర మెచ్చి తండ్రిని విడిచిపెట్టుటయే గాక, బాలున కింగ్లీషు చదువునకు దారి చూపెను.

పిదప శాస్త్రిగారు మదరాసు సుప్రీముకోర్టున దుబాసియై, బహుభాషలను సాధించిరి. పరుల సాక్ష్యమును దొరల చెవిని వేయుటయే వృత్తిగా గల యాయన 1859లో మదరాసు స్మాల్‌కాజు కోర్టున తామే న్యాయాధిపతి యైరి. దేశీయుల కట్టి పీఠములు దుర్లభములైన దినము లవి. అచటికి వచ్చునవి చిన్న బాకీల తగవులే యనుట నిజమే. కాని బాకీపడిన యింటి వ్యథను బాల్యముననే చవిచూచిన న్యాయమూర్తి యెదుట నిలుచుట ఋణగ్రస్తున కెంత భాగ్యము! 1881లో శాస్త్రిగారు దివంగతులైరి.