పదిహేను సెంటీమీటర్ల ఇసుక సరిపోతుందా?

అనకాపల్లి జిల్లాలో పారిశ్రామిక వ్యర్థాల మాట వస్తే ముందుగా గుర్తొచ్చేది పరవాడ. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి, మిగిలినదాన్ని శాశ్వతంగా పాతిపెట్టే కోస్టల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు ఉన్నది అక్కడే. ఇలాంటి ల్యాండ్‌ఫిల్ గురించి విన్నప్పుడు అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు ఎంత మందమని అడుగుతాం. దానికన్నా ముందు అడగాల్సింది, ఆ షీటు మీద నీరు ఎంత ఎత్తున నిలుస్తుందని.

మట్టిపొర మీద నిలిచిన నీటి ఎత్తు పెరిగేకొద్దీ కిందికి ఇంకేదీ పెరుగుతుంది. ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో చెప్పిన సూత్రమిది. మున్సిపల్ చెత్త పూడ్చేచోట అడుగున 90 సెం.మీ. బంకమట్టి, దానిపై 1.5 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. షీటు చిరిగి బంకమట్టి ఒక్కటే మిగిలిందనుకుందాం. పైన, చెత్తలోంచి దిగిన మురుగు ఊట 30 సెం.మీ. నిలిస్తే ఏడాదికి 4 సెం.మీ. పైచిలుకు దిగుతుంది. 3 మీటర్లు నిలిస్తే దాదాపు 14 సెం.మీ., అంటే హెక్టారుకు సుమారు 14 లక్షల లీటర్లు. ఊటను నిలవనివ్వకుండా బయటికి లాగేవి షీటు పైనున్న కంకర పొర, అందులోని చిల్లుల పైపులు. ఊటలోని కాల్షియం సున్నంలా పేరుకుని సందులు పూడుస్తుంది కాబట్టి అక్కడ ముతక కంకరే మేలు.

పైకప్పు సంగతి ఇంకా సున్నితం. అవే నిబంధనల ప్రకారం చెత్త నిండాక 60 సెం.మీ. బంకమట్టి, దానిపై 15 సెం.మీ. నీరు పారే పొర, ఆపైన మొక్కలు పెరిగే 45 సెం.మీ. మట్టి వేయాల్సి ఉండేది. ఆ 15 సెం.మీ. చాలా? సెకనుకు 0.01 సెం.మీ. వేగంతో నీటిని పోనిచ్చే ఇసుక తీసుకుందాం. మూడు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే, 30 మీటర్ల పొడవైన వాలు మీద పరిచామనుకుందాం. ఆ పొర మీటరు వెడల్పుకు రోజుకు సుమారు 410 లీటర్లు మోస్తుంది. వాలంతటికీ పంచితే రోజుకు 14 మి.మీ. కూడా లేదు. పైమట్టి కాస్త ఇసుకపాటిదైతే రోజుకు 86 మి.మీ. దాకా కిందికి వదలగలదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది మన పక్కనే, విశాఖ దగ్గర. తుపాను రోజున పది సెంటీమీటర్ల వాన మనకు కొత్త కాదు.

ఇసుక నిండిపోతే నీరు పైమట్టిలోకి ఎగదన్నుతుంది. నీటి ఒత్తిడికి పొరల మధ్య పట్టు సడలి మట్టి మొత్తం కిందికి జారుతుంది. వాలు అడుగున నీరు బయటపడే దారి పూడుకుపోయినా ఇదే గతి. ఇసుకకు బదులు పదింతలు వేగంగా నీటిని వదిలే సన్న కంకర వేయడం, వాలు మధ్యలో కాలువ పెట్టి పొడవు తగ్గించడం, మట్టి రేణువులు దిగకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచడం ఇందుకు తెలిసిన మార్గాలు.

నిబంధనల్లోని మందం కనీస హద్దు మాత్రమే. మీ ఊళ్లో డంపింగ్ యార్డు మూసివేత పనులు మొదలైతే, నీరు పారే పొరను ఎంత వానకు లెక్కగట్టారో ఇంజినీర్లను అడగండి.