పాత స్కూటరు పెట్రోలు ఎందుకు తాగుతుంది?



ఆరో తరగతిలో నన్ను ఈ హాస్టల్లో చేర్చడానికి మా నాన్న పాత చేతక్ స్కూటరు మీద తీసుకొచ్చాడు. ముందు కాళ్ల దగ్గర ట్రంకు పెట్టె, వెనక నేను. మీలో కొందరి ఇళ్లలోనూ అలాంటి బండి ఉండే ఉంటుంది. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టారు. ఆ పాత రకం తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయినా మా ఇంట్లో అది ఇంకా పనికి పోతూనే ఉంది.

నాన్న తాపీ పని చేస్తాడు. టౌనుకు పోను రాను 40 కిలోమీటర్లు. లీటరుకు 40 ఇచ్చే బండి నిరుడు 25కు పడిపోయింది. రోజుకు లీటరు చాలేచోట 1.6 లీటర్లు కావాల్సి వచ్చింది. నెలకు పాతిక రోజుల పని అనుకుంటే 15 లీటర్లు అదనం, అంటే పదిహేను వందల రూపాయల పైమాటే. ఒక మెకానిక్ బండి స్టార్టు చేసి చూసి, "ఇంజను బోరు చేయించాలి, ఏడు వేలవుతుంది" అన్నాడు. నాన్న మేస్త్రీని అడ్వాన్సు అడగడానికి సిద్ధమయ్యాడు. సెలవులకు వెళ్లిన నేను "రెండు వారాలు ఆగు నాన్నా, ముందు కొలిచి చూద్దాం" అన్నాను.

నాన్న నవ్వి, "గోడ వంకరగా ఉందంటే కూలగొట్టే ముందు గుండు వేసి చూస్తాం కదా, అలాగే చూడు" అన్నాడు.

ముందు కొలత

"మొన్న కొట్టించిన పెట్రోలు ఇవాళే అయిపోయింది" అంటే అది కొలత కాదు. ట్యాంకులో ఒక గుర్తు దాకా పెట్రోలు పోయించి, మీటరులోని కిలోమీటర్లు రాసుకోవాలి. రోజూ పోయే దారిలోనే 80, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే గుర్తు దాకా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. మీటరు పనిచేయకపోతే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లున్నాయి. ఒకసారికి ఒకే మార్పు చేసి మళ్లీ కొలవాలి. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

తర్వాత వెతుకులాట: ఖర్చు లేనివి ముందు

1. కారడం: బండిని ఆరుబయట, నిప్పుకు దూరంగా నిలిపి, కాక్ తెరిచి ఉంచి, కార్బొరేటర్ కింద కాగితం పరచి చూడాలి. మరక పడితే పైపో, కార్బొరేటర్‌లోని ఫ్లోట్ సూదో చూడాలి. బండి ఆపిన ప్రతిసారీ కాక్ కట్టేయడం మంచి అలవాటు.

2. పట్టేయడం: బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరగకపోతే బ్రేకు పట్టి ఉన్నట్టే. బ్రేకు పెద్దగా వాడకుండా నడిపినా డ్రమ్ము కాలిపోతుంటే అదీ గుర్తే. టైర్లలో గాలి తక్కువైనా ఇదే నష్టం. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతోందని అర్థం.

3. గాలి: ఇంజనులోకి పెట్రోలుతో పాటు గాలీ తగినంత వెళ్లాలి. ఫిల్టరు మురికి పట్టినా, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పితే తెలుస్తుంది. లేత గోధుమ రంగు ఉంటే సరే. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోందని అనుమానించాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతుండవచ్చు.

4. పొగ దారి: టూ స్ట్రోక్ బండిలో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. ఆ మసి సైలెన్సర్లో పేరుకుంటే పొగ బయటికి పోదు, లాగుడు తగ్గుతుంది, మనం యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతాం. ఆయిల్ చెప్పిన పాలు మించి పోయకూడదు.

ఇవన్నీ చూశాకే టైమింగు, కార్బొరేటర్ జెట్టు, చివరికి రింగులు, బోరు.

మైలేజీ కోసం చిన్న జెట్టు వేయించమని ఒకాయన సలహా ఇచ్చాడు. అది ప్రమాదం. పెట్రోలు మరీ తగ్గితే టూ స్ట్రోక్ ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. నాన్న అయితే ఒక్క మాటలో తేల్చాడు: "కూడు తగ్గించి బరువు మోయమంటే ఏ కూలోడైనా పడిపోతాడు."

బండి తప్పు కానివి

బాగున్న టూ స్ట్రోక్ ఇంజను కూడా కొంత పెట్రోలు వృథా చేస్తుంది. పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు వచ్చే దారి కొద్దిసేపు రెండూ తెరిచే ఉంటాయి. అప్పుడు కాలని పెట్రోలు కొంత పొగతో పాటు పోతుంది. పైగా 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఆ లెక్కన 40 ఇచ్చే బండి 37 ఇవ్వవచ్చు. 25కు పడిపోవడానికి మాత్రం వేరే కారణం ఉండాలి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు పాడవుతాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి.

మా బండిలో దొరికింది

వెనక బ్రేకు పట్టి ఉంది. సరిచేసి, బ్రేకు బాగా పడుతోందని చూసుకుని నడిపితే 30 వచ్చింది. చోక్ తీగ తుప్పుపట్టి సగంలో ఆగిపోతోంది. కొత్త తీగ వేస్తే 35. ఫిల్టరు శుభ్రం చేసి ఆరబెట్టి బిగిస్తే 38. ఖర్చు రెండు వందల లోపే. బోరు జోలికి వెళ్లలేదు, అడ్వాన్సు అడగలేదు.

నిజం చెప్పాలంటే నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నా అంతకు ముందు ప్లగ్గు విప్పి ఎరగను. పాన పట్టడం నాన్నే నేర్పాడు. లెక్క మాత్రం నాది. నాన్నకు చదవడం రాదు, అంకెలు వచ్చు. ఇప్పుడు పెట్రోలు పోయించిన ప్రతిసారీ బండి పెట్టే చోట గోడ మీద పెన్సిలుతో కిలోమీటర్లు రాస్తున్నాడు. నేను ఫోను చేస్తే నా చదువు సంగతి అడిగాక ఆ అంకె చెబుతాడు. మొన్న 38 అన్నాడు.

తమ్ముళ్లూ, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్న బండి మైలేజీ ఒక్కసారి కొలిచి చూడండి.

— ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (భౌతికశాస్త్రం)