మీకు తెలుసా? కెనడా తొలి ప్రధాని వింతలు!

కెనడా తొలి ప్రధాని సర్ జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ అసలు కెనడాలో పుట్టనేలేదు! 1815లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, ఐదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో ఓడెక్కి కింగ్‌స్టన్ చేరాడు.

ఆయనకు పుట్టినరోజులు రెండు! రిజిస్టరులో జనవరి 10 అని ఉంటే, ఇంట్లోవాళ్ళు 11న జరిపేవారు.

15 ఏళ్ళకే బడి మానేసి ఒక లాయరు దగ్గర పనిలో చేరాడు, 20 ఏళ్ళకు సొంత ఆఫీసు తెరిచాడు! అప్పటికి పట్టా చేతికి రాలేదు, అది 1836లో వచ్చింది.

1858లో ఆయన ఒకే ఒక్క రోజు పోస్టుమాస్టర్ జనరల్‌గా ఉన్నాడు! ఎందుకో ఊహించగలరా? అప్పట్లో మంత్రి పదవి తీసుకున్నవాళ్ళు సభ్యత్వం వదులుకుని మళ్ళీ ఎన్నికలో గెలవాలి. నెలలోపు ఒక శాఖ వదిలి ఇంకో శాఖ తీసుకుంటే మాత్రం ఆ బాధ లేదు. ప్రత్యర్థి జార్జ్ బ్రౌన్ ప్రభుత్వం రెండు రోజుల్లోనే పడిపోగానే మెక్‌డొనాల్డ్ బృందం ఒక రోజుకు వేరే శాఖలు తీసుకుని, మర్నాడే పాత కుర్చీల్లోకి వచ్చేసింది. లాయరు బుర్ర అంటే అదీ!

1878లో సొంతూరు కింగ్‌స్టన్‌లో ఓడిపోయి, తానెన్నడూ చూడని విక్టోరియా నుంచి గెలిచాడు! పసిఫిక్ తీరంలో, మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆ ఊళ్ళో ఆయన అడుగుపెట్టింది 1886లోనే.

ఆ ప్రయాణంలో ఆయన భార్య ఆగ్నెస్ రాకీ పర్వతాలను ఎక్కడ కూర్చుని చూసిందో తెలుసా? రైలింజను ముందు, పశువులను పక్కకు నెట్టే ఇనుప చట్రం మీద! కొవ్వొత్తుల పెట్టె ఒకటి వేయించుకుని, దానిమీద కూర్చుంది.

ఆ రైలుదారిలో కష్టమైన కొండభాగాన్ని వేసింది వేలాది చైనా కూలీలు. దారి పూర్తయిన 1885లోనే, మెక్‌డొనాల్డ్ ప్రభుత్వం దేశంలోకి వచ్చే చైనీయులపై తలకు 50 డాలర్ల పన్ను వేసింది! ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అదే 1885లో పెళ్ళికాని స్త్రీలకు, వితంతువులకు ఓటు ఇద్దామని బిల్లులో రాయించింది కూడా ఆయనే! సభ ఒప్పుకోక ఆ భాగం తీసేశారు.

1971 నుంచి 10 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉండేది. 2018లో ఆ చోటు నల్లజాతి వ్యాపారవేత్త వయోలా డెస్మండ్‌కు దక్కింది, పైగా ఆ నోటు అడ్డంగా కాదు, నిలువుగా అచ్చయింది! 1946లో సినిమా హాల్లో తెల్లవాళ్ళ సీటు వదలనందుకు ఆవిడను అరెస్టు చేశారు. మోపిన నేరం? టిక్కెట్టు పన్నులో ఒక్క సెంటు ఎగ్గొట్టిందని!